బిర్యానీ గిన్నె కోసేసిన ఫొటో

అబూ హలీఫాలో మేమున్న ఫ్లాట్‌కు పడకగదులు రెండు, టీవీ ఒక్కటి. ఒక గదిలో మేం ముగ్గురం, అమ్మ, నాన్న, నేను. రెండో గది నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన ఒక జంటకు అద్దెకిచ్చాం. వంటిల్లు, హాలు, గుమ్మం పక్కన చెప్పుల స్టాండు అన్నీ ఉమ్మడి. కువైట్‌లో సగం మంది సంసారాలు అలాగే సాగుతాయి, అందులో వింతేం లేదు. వింతంతా ఆ రోజుల్లో ఉంది. అక్కడ ఇండియాలో తెలుగువాళ్ళ రాష్ట్రాన్ని రెండు చేయాల్సిందేనని ఒకరు, వీల్లేదని ఒకరు రోడ్లెక్కి ఉన్నారు. మాది కోనసీమ. వాళ్ళది తెలంగాణ. నాకు పదహారేళ్ళు, పదకొండో తరగతి, బుర్ర తప్ప అన్నీ పనిచేసే వయసు.

ఆయన్ని మొదట బాబాయ్ అని పిలిచాను. "బాబాయ్ గీబాయ్ ఎందుకు బిడ్డా, కాకా అను. మా దిక్కు గట్లనే అంటరు" అన్నాడు. అప్పట్నుంచి ఆయన కాకా, ఆయన భార్య చిన్నమ్మ. నాన్నేమో ఆయన్ని "తమ్ముడుగారండి" అనేవాడు. గోదావరి నోరు కదా, వీధికుక్కను తోలినా గారు అనందే ఊరుకోదు. కాకా నెత్తి కొట్టుకునేవాడు. "నన్ను గారు అనకు అన్నా. నా ఎనక ఇంకెవరన్న నిలబడ్డరా అని మళ్ళీ మళ్ళీ సూసుకుంటున్న."

నాన్న అల్ రాయ్‌లో ఒక కార్ల షోరూమ్‌లో స్పేర్‌పార్ట్స్ కౌంటర్ చూసేవాడు. కాకా అదే అల్ రాయ్‌లో, రెండు వీధుల అవతల, ఒక వర్క్‌షాపులో పెయింటింగ్ ఫోర్‌మన్. పొద్దున్నే ఇద్దరూ నాన్న కారులోనే పోయేవాళ్ళు. కాకా పెళ్ళయిన నెలకే కువైట్ వచ్చేశాడు. భార్యకు ఫ్యామిలీ వీసా దొరకడానికి ఆరేళ్ళు పట్టింది. ఆరేళ్ళు ఫోన్లో కాపురం చేసి, ఎనిమిది నెలల కింద చిన్నమ్మను విమానాశ్రయం నుంచి మా ఇంటికి తీసుకొచ్చాడు. ఆమె ఇక్కడ ఉండడానికి కాగితం కాకా ఇఖామాయే, అంటే ఆయన నివాస అనుమతి కార్డే. కఫీల్, అంటే పనిచ్చిన యజమాని, ఏటా సంతకం పెడితేనే ఆయన ఇఖామా, ఆయన ఇఖామా ఉంటేనే ఆమెది. చిన్నమ్మ చీర మడతపెట్టినంత జాగ్రత్తగా ఆ రెండు కార్డుల్నీ ఒక పర్సులో పెట్టుకునేది.

ఇక టీవీ. సాయంత్రం ఏడు కాగానే ఇండియాలో తొమ్మిదిన్నర వార్తలు మొదలు. హాల్లో నేల మీద చాప, చాప మధ్యలో రిమోట్. అరగంట మా వైపు ఛానల్, అరగంట వాళ్ళ వైపు ఛానల్. ఈ ఒప్పందం ఎవరు రాశారో తెలియదు కానీ ఎవరూ తప్పలేదు. మా ఛానల్లో తెలంగాణ వాళ్ళు కనబడరు, వాళ్ళ ఛానల్లో మేం కనబడం. "రెండు సూస్తెగని మన రాష్ట్రం మొత్తం కనబడుత లేదు అన్నా" అనేవాడు కాకా. నాన్న పకపకా నవ్వేవాడు. వాదన ముదిరితే అమ్మ వంటింట్లోంచి గరిటె పట్టుకుని వచ్చి "ఇదెక్కడి గొడవండి బాబూ, పప్పు చల్లారిపోతోంది, విడగొట్టుకుంటారో కలుపుకుంటారో తిన్నాక చూసుకోండి" అనేది. ఇద్దరూ నోరు మూసుకుని కంచాల ముందుకు వచ్చేవారు.

నేను మాత్రం నోట్‌బుక్ పట్టుకుని కూచునేదాన్ని. స్కూల్లో అసెంబ్లీలో వార్తలు చదివేది నేనే, అంచేత జర్నలిస్టు అయిపోయానని గట్టి నమ్మకం. ఒకే సభను రెండు ఛానళ్ళలో చూసి తేడాలు రాసుకునేదాన్ని. ఒకడు కెమెరాను స్టేజీ మీంచి జనం మీదికి తిప్పుతాడు, మైదానం కిక్కిరిసిపోయినట్టు ఉంటుంది. ఇంకొకడు వెనకాల ఖాళీ కుర్చీల దగ్గర నిలబడి తీస్తాడు, సభకు కాకులు కూడా రానట్టు ఉంటుంది. రెండూ అబద్ధం కాదు, రెండూ నిజం కాదు. ఇది కనిపెట్టినందుకు నా భుజం నేనే తట్టుకున్నాను. కనిపెట్టిన దొంగతనాన్ని నేనే చేస్తానని అప్పుడు అనుకోలేదు.

ఎందుకంటే అప్పటికే నాకు ఫేస్‌బుక్‌లో ఒక పేజీ ఉంది. పేరు ఇక్కడ రాయను, తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను. కువైట్ తెలుగువాళ్ళ కోసం అని పెట్టాను. నడిపేది ఎవరో ఎక్కడా చెప్పలేదు. ఏ బస్సు ఎక్కడ ఆగుతుంది, ఎవరి పాస్‌పోర్టు దొరికింది, శుక్రవారం ఎక్కడ ప్రార్థన, ఎక్కడ భజన, అలాంటివి పెట్టేదాన్ని. జాబ్రియాలో ఇంటిపని చేసే ఒకావిడ, భీమవరం వైపు మనిషి, ఒకసారి "సార్, మా మామా మంచిదే, కానీ ఊరికి పంపమంటే రేపు రేపు అంటోంది, ఎవరికి చెప్పాలి" అని రాసింది. మామా అంటే ఆ ఇంటి యజమానురాలు. ఎంబసీ అడ్రసు వెతికి పంపాను. "దేవుడు మిమ్మల్ని దీవించును గాక సార్" అని జవాబు. నేను సార్‌ని అయిపోయాను! రెండు జడల సార్‌ని. కానీ బస్సు స్టాపులకూ పాస్‌పోర్టులకూ లైకులు రావు. ఆరు, ఏడు, పండగ రోజైతే పన్నెండు. రాష్ట్రం మీద నలుగురు తిట్టుకునే పేజీలకేమో వేలు. నాకు కుళ్ళుగా ఉండేది, దాచుకోవడం దేనికి.

చలికాలం శుక్రవారం ఒకటి వచ్చింది. కువైట్‌లో మనిషి బయట కూచోగలిగే నెలలు నాలుగే కాబట్టి అందరం అబూ హలీఫా సముద్రం ఒడ్డుకు పోయాం. మా ఫ్లాట్ వాళ్ళం అయిదుగురం, కాకా వర్క్‌షాపు వాళ్ళు కొందరు, నాన్న షోరూమ్ వాళ్ళు కొందరు, కడప వాళ్ళు ఇద్దరు. పెద్ద గిన్నెడు కోడి బిర్యానీ చిన్నమ్మ చేసింది, పులిహోర అమ్మ చేసింది. తిన్నారు, బంతాట ఆడారు, మళ్ళీ తిన్నారు. అప్పుడు ఎవరో అన్నారు, ఊళ్ళో అందరూ అట్టలు పట్టుకుని ఫొటోలు దిగుతున్నారు, మనం కూడా దిగుదాం అని.

నా బ్యాగులో స్కూలు ప్రాజెక్టుకని కొన్న చార్టు ఉంది. స్కెచ్ పెన్నుతో ఒకవైపు "జై తెలంగాణ" అని రాశాను. రాశాక చూస్తే తెలంగాణ వాళ్ళు నలుగురే. నలుగురితో ఫొటో దిగితే పేకాట బ్యాచ్ లాగా ఉంటుందని కాకా మొహం వేలాడేశాడు. నాన్న లేచి ప్యాంటు దులుపుకుని "ఆయ్, దానికేముందండి, మేం వెనకాల నిలబడతాం" అన్నాడు. కడప వాళ్ళూ లేచారు. పదమూడు మంది అయ్యారు. తర్వాత చార్టు తిప్పి వెనకవైపు "జై సమైక్యాంధ్ర" రాశాను. ఈసారి కాకా వాళ్ళు సర్దుకు నిలబడ్డారు. "మీరు మాకు నిలబడ్డరు, మేము మీకు నిలబడకుంటే ఎట్ల" అని చార్టు ఒక కొస తనే పట్టుకున్నాడు. మా వాళ్ళు తప్ప ఇంకెవరైనా చేస్తారా ఈ పని? శత్రువు సభకు జనం తక్కువయ్యారని జాలిపడి వెళ్ళి నిలబడేవాళ్ళు!

అమ్మ తన ఫోన్‌తో ఫొటోలు తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టింది. మొదటి దాంట్లో కాకా "ఆగు వదినా ఆగు" అంటూ చెయ్యి పైకెత్తి ఉన్నాడు, నోరు తెరుచుకుని ఉంది. రెండో చేతిలో కోడికాలు. ముందర చాప, చాప మీద బిర్యానీ గిన్నె, మంచినీళ్ళ సీసాలు.

ఇంటికొచ్చి మంచం మీద పడుకుని ఆ ఫొటో చూశాను. కింద చాపను, గిన్నెను, సీసాలను కోసేశాను. కోడికాలు కూడా పోయింది. పైన మిగిలింది ఎవరు? పదమూడు మంది మనుషులు, అట్ట, చెయ్యెత్తి అరుస్తున్న ఒక నాయకుడు. రెండో ఫొటోనూ అలాగే కోశాను. ఏం రాయాలా అని ఆలోచించాను. 'పిక్నిక్' అని టైపు చేశాను. పిక్నిక్‌కు ఎనిమిది లైకులు వస్తాయి. చెరిపేసి 'కువైట్‌లో తెలుగువారి నిరసన' అని రెండింటికీ పెట్టాను. నా వేలే అది, ఎవరూ నొక్కించలేదు.

పొద్దున లేచేసరికి లైకులు లెక్కపెట్టడం మానేశాను. ఆ సాయంత్రం చాప మీద కూచున్నాం. వాళ్ళ అరగంటలో కాకా తెర మీదికి వచ్చాడు! "కువైట్‌లో మిన్నంటిన తెలంగాణ నినాదం" అని యాంకరమ్మ గొంతు చించుకుంటోంది. కాకా మొహం చుట్టూ ఎర్రగా గుండ్రంగా గీత గీశారు. వెనకాల మా నాన్న, శుద్ధ కోనసీమ మనిషి, తెలంగాణ ఉద్యమకారుడై నిలబడి ఉన్నాడు. ఛానల్ మార్చారు. అందులో రెండో ఫొటో. "ఎడారి దేశంలోనూ ఎగసిన సమైక్య గళం." అట్ట కొస పట్టుకుని మళ్ళీ కాకా. అవే పదమూడు మొహాలు, అదే చొక్కాలు, అదే సముద్రం. రెండు ఛానళ్ళలో ఒక్కడికైనా అనుమానం రాలేదు. నాకు నవ్వూ వచ్చింది, గర్వమూ వచ్చింది, దేవుడి మీద ఒట్టు, భయం ఒక్కటే రాలేదు.

మొదట అందరూ నవ్వారు. రాజోలు నుంచి మా పెదనాన్న ఫోన్ చేసి "ఏరా, ఎప్పుడు చేరావురా ఆ జట్టులో? ఊళ్ళో తలెత్తుకోలేకపోతున్నాం" అన్నాడు. కాకా వాళ్ళన్న ఇంకా గట్టిగా వేసుకున్నాడు. "ఏందిర, వాళ్ళ అట్ట పట్టుకున్నవు, సిగ్గులేదా?" కాకా ఫోన్ చెవికి దూరంగా పట్టుకుని మాకు వినిపించాడు. "పాడుగాను ఈ టీవీలోళ్ళు! తినెతందుకు పోతె నిరసన అంటరా?" అన్నాడు. టీవీ వాళ్ళే కథ అల్లారని అందరి నమ్మకం. నేనూ "అవును కాకా, ఘోరం" అన్నాను. ఆ మాట అన్న నోటిని ఇప్పటికీ నేను క్షమించలేదు.

నాలుగైదు రోజులకు నవ్వు ఆగింది. వర్క్‌షాపులో కాకా కింద పనిచేసే తెలుగు కుర్రాళ్ళు మా ఫోర్‌మన్ టీవీలో పడ్డాడని సంబరంగా ఆ క్లిప్పు అందరికీ చూపించారు. చూపించి చూపించి మందూబ్‌కు కూడా చూపించారు. మందూబ్ అంటే కఫీల్ తరఫున ఇఖామా కాగితాలన్నీ చూసే మనిషి. ఈజిప్టు ఆయన. తెలుగు రాకపోయినా ఎత్తిన చెయ్యి, తెరిచిన నోరు, అట్ట కనబడ్డాయి. కింద ఇంగ్లీషులో 'ప్రొటెస్ట్' అనీ 'కువైట్' అనీ కనబడింది. పరాయి దేశం వాడు ఇక్కడ గుంపు కట్టి అట్ట పట్టుకోవడం ముజాహరా, అంటే నిరసన. దానికి శిక్ష ఏంటో ఇక్కడ అయిదో తరగతి పిల్లలకు కూడా తెలుసు, విమానం టికెట్టు.

కాకా ఇఖామా ఆ వారమే రెన్యువల్‌కు పోవాలి. మందూబ్ కాగితాలు పక్కన పెట్టేశాడు. మా అమ్మ గ్రూపులో పెట్టిన పూర్తి ఫొటో కాకా చూపించాడు, బిర్యానీ గిన్నె చూపించాడు. "తిని కూడా నిరసన చేయొచ్చు. అది కాదు. నిరసన అని మొదట రాసిన మనిషి ఎవడు? వాడొచ్చి బాబా ముందు అబద్ధం రాశానని చెప్పాలి. ఆదివారం లోపల. లేదంటే నేనేం చేయలేను" అన్నాడట మందూబ్. బాబా అంటే కఫీల్, ఆ వర్క్‌షాపు యజమాని, ముసలాయన. ఆ రోజు గురువారం.

సాయంత్రం కాకా టీవీ పెట్టలేదు. చాప మీద కూచుని నన్ను పిలిచాడు. ఫేస్‌బుక్‌లో ఫలానా పేజీ మొదట పెట్టిందని ఎవరినో అడిగి కనుక్కున్నాడు. తన ఫోన్ నా చేతికిచ్చాడు. "నాకు తెలుగు కొట్టుడు రాదు. నీకొస్తది గద బిడ్డా, నేను చెప్త, నువ్వు కొట్టు. ఆ పేజీ పెద్దమనిషికి పంపుదం."

చిన్నమ్మ గోడకు ఆనుకుని కూచుని ఉంది. నాన్న కుర్చీలో, అమ్మ వంటింటి గుమ్మంలో. కాకా కళ్ళు మూసుకుని చెప్పడం మొదలుపెట్టాడు.

"నమస్తే సారూ. మీరెవరో నాకు తెల్వదు. పెద్ద సదువు సదివినోళ్ళు అయ్యుంటరు. ఆ ఫొటోల చెయ్యి లేపినోణ్ణి నేనే. మేము తినెతందుకు పోయినం సారూ, లొల్లి చేసెతందుకు కాదు. నా భార్య ఎనిమిది నెలల కింద వచ్చింది. మా బాబా సంతకం పెట్టకుంటే ఇద్దరం పోవాలె. మీరొచ్చి ఒక్క మాట చెప్తే అయిపోతది. మీ కాల్మొక్త."

నేను ఆగాను. "కాల్మొక్త అని కూడా రాయాలా కాకా?"

"రాయి బిడ్డా. పెద్దోళ్ళకు గట్ల రాస్తెనే మనసు కరుగుతది."

రాశాను. పంపు అన్నాడు, పంపాను. నా జేబులో ఫోన్ గుర్రుమంది.

లేచి బాత్‌రూములోకి పోయి తలుపు వేసుకున్నాను. ఫోన్ తీసి చూస్తే నేను టైపు చేసిన అక్షరాలే నా ముందు ఉన్నాయి. ఇప్పుడే అవతల కొట్టినవి ఇక్కడ ఇంకొకరెవరో రాసినట్టున్నాయి. సారూ అని ఉంది. కాల్మొక్త అని ఉంది. పేజీ తీసేసి ఊరుకోవచ్చు, నేనని ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చిందని ఒప్పుకుంటాను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు, అమ్మ తలుపు కొట్టి "ఏంటే, లోపలే కాపురం పెట్టావా?" అంది. ఏడుపు రాలేదు, సిగ్గు వచ్చింది, ఒళ్ళంతా.

హాల్లోకి వచ్చి "కాకా, ఆ మెసేజ్ నాకే వచ్చింది" అన్నాను.

"తప్పు మనిషికి పంపినవా ఏంది?"

"లేదు కాకా. ఆ పేజీ నాదే. నిరసన అని రాసింది నేనే. గిన్నె కోసేసింది కూడా నేనే."

నాన్న కుర్చీలోంచి లేచాడు. "నీ దుంపతెగ!" అన్నాడు. అమ్మ "చంపేశావు కదే తల్లీ" అని నెత్తి మీద చెయ్యి పెట్టుకుని గుమ్మంలోనే కూలబడింది. కాకా మాత్రం తిట్టలేదు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆయన ఫోన్ తీసుకుని తాను చెప్పిన మెసేజ్ మళ్ళీ ఒకసారి చదువుకున్నాడు. మాట్లాడింది చిన్నమ్మే, అది కూడా గొంతు పెంచకుండా.

"ఆరేండ్లు ఆగినం బిడ్డా. ఎందుకు రాసినవు?"

"లైకులు వస్తాయని, చిన్నమ్మా."

అంతకన్నా పెద్ద కారణం ఏదన్నా ఉంటే బాగుండునని ఆ క్షణాన ఎంత వెతికానో. రాష్ట్రం కోసం అనో, న్యాయం కోసం అనో. ఏమీ లేదు. ఆవిడ తలూపి లోపలికి వెళ్ళిపోయింది. శుక్రవారం, శనివారం మా ఇంట్లో రెండు కుక్కర్లు వేరువేరుగా కూశాయి. ఒకే గిన్నెలో వండుకునే ఇల్లు అది.

ఆదివారం స్కూలు మానేసి నాన్న, కాకా, నేను అల్ రాయ్ వెళ్ళాం. స్కూల్లో ఎనిమిదేళ్ళు అరబ్బీ నేర్పారు, నేను విద్యార్థిని, ఇది పుస్తకం, అది కిటికీ. అబద్ధం ఆడాను అని ఎక్కడా నేర్పలేదు. చివరికి కాకానే అడిగాను, అబద్ధాలకోరును అరబ్బీలో ఏమంటారు కాకా అని. వర్క్‌షాపులో రోజూ వినే మాటే ఆయనకది. "కజ్జాబ్ అంటరు. ఆడపిల్లవు గద, కజ్జాబా అనాలె" అన్నాడు. మూడు రోజుల్లో ఆయన నాతో అన్న మొదటి మాట అది. దారంతా పెదాల మీద అదే చదువుకున్నాను.

బాబా ఆఫీసులో సోఫాలో కూచుని చిన్న గాజు గ్లాసులో టీ తాగుతున్నాడు. పక్కన మందూబ్. నేను ముందుకెళ్ళి "అనా కజ్జాబా" అన్నాను, నేను అబద్ధాలకోరును అని. ముసలాయన గ్లాసు కింద పెట్టాడు. మందూబ్ కూడా ఆశ్చర్యపోయాడు, మీసాలవాడు ఎవడో వస్తాడనుకున్నట్టున్నాడు. ఇక వచ్చిన అరబ్బీ, రాని చోట ఇంగ్లీషు, మందూబ్ సాయం, అన్నీ కలిపి మొత్తం చెప్పాను. కోసిన ఫొటో, కోయని ఫొటో పక్కపక్కన చూపించాను. బాబా కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. గిన్నె మీద వేలు పెట్టి ఇందులో ఏముంది అన్నాడు. కోడి బిర్యానీ అన్నాను. రెండో ఫొటోలో అట్ట చూసి, దీని మీద ఏం రాసి ఉంది అన్నాడు. మొదటిదానికి సరిగ్గా వ్యతిరేకం అన్నాను. "మరి ఇతను రెండింట్లోనూ ఉన్నాడేం?" అని కాకాను చూపించాడు.

కాకా నోరు తెరిచాడు. "బాబా, వాళ్ళ దిక్కు మంది తక్కువున్నరు" అని హిందీలో చెప్పాడు. మందూబ్ అది అరబ్బీలో చెప్పేసరికి ముసలాయన భుజాలు కదిలాయి. నవ్వాడో దగ్గాడో తెలియలేదు. "కుల్లు కలామ్ ఫాదీ" అన్నాడు, అంతా ఉత్తమాటలు అని. నన్ను చూసి "ఈ పిల్ల ఎవరి కూతురు?" అని అడిగాడు.

నాన్న ఒక అడుగు ముందుకు వేశాడు. ఆయన నోరు విప్పేలోపలే కాకా "బింతీ, బాబా" అన్నాడు. నా కూతురే అని.

నాన్న వేసిన అడుగు వేసినచోటే ఆపేశాడు. "నీ కూతురైతే ఫోన్ నువ్వే చూసుకోవాలి" అని బాబా కాకాను మందలించి, పెన్ను తీసి సంతకం పెట్టాడు. "ఖలాస్. యల్లా, పనికి పో."

పేజీ ఆ మధ్యాహ్నమే మూసేశాను. మూసేసి ఏం లాభం? ఫొటో ఊళ్ళు తిరుగుతూనే ఉంది. నెల తర్వాత ఎవరో అదే ఫొటోను దుబాయ్‌లో నిరసన అని పెట్టారు. ఇంకొకరు కాకా ఎత్తిన చెయ్యి వరకే కోసి దాని కింద కవిత రాశారు. నేను తీసేసింది ఒక గిన్నె, ఒకడు మనుషుల్ని తీసేశాడు, ఇంకొకడు దేశాన్నే మార్చేశాడు. ఎవరికి రాసి ఆపమంటాం? కాకా రాసినట్టు నేనూ ఇద్దరు ముగ్గురికి రాశాను, నమస్తే సార్ అని. జవాబు రాలేదు. వాళ్ళలో ఎంతమంది రెండు జడల సార్లో నాకు తెలియదు. తర్వాత జర్నలిజం చదివాను, ఇప్పుడు అదే నా బతుకుతెరువు. ఏ ఫొటో వచ్చినా ముందు దాని కింద ఏముండేదో అడుగుతాను. ఆఫీసులో నాది చాదస్తం అంటారు, అననీ.

కుక్కర్లు మళ్ళీ ఒకటయ్యాయి. చిన్నమ్మ నా జడ వేయడం మళ్ళీ మొదలుపెట్టింది. కాకా ఎప్పట్లాగే బిడ్డా అనేవాడు, వేళాకోళం ఆడేవాడు. మనసులో పెట్టుకునే మనిషి కాదు. కానీ నేను హాల్లోకి వస్తే, చెప్తున్న మాట మధ్యలో ఒక్క క్షణం ఆగేది. నా చేతిలో ఏముందో చూసి అప్పుడు మాట ముగించేవాడు. ఆయనకే తెలియకుండా అలా జరిగేదనుకుంటాను.

తెలంగాణ బిల్లు పార్లమెంటు రెండో సభలో కూడా పాసైన సాయంత్రం గురువారం. అందరూ ఇంట్లోనే ఉన్నాం. వార్త తెర మీద పడగానే కాకా చాప మీంచి లేచాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాన్న కుర్చీలో కదలకుండా ఉన్నాడు. కాకా సంబరపడాలా, నాన్న దగ్గరికి వెళ్ళాలా తెలియనట్టు రెండడుగులు అటూ ఇటూ వేశాడు. చివరికి నాన్నే లేచి ఆయనకు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. పుట్టి బుద్ధెరిగాక నాన్న మొహం అలా నేను చూడలేదు. కాకా ఏదో చెప్పబోయి, తల తిప్పి నన్ను చూశాడు. కోపం లేదు, గొంతు మెత్తగానే ఉంది.

"బిడ్డా, జర ఆ ఫోన్ లోపట పెట్టి రా."

నా చేతిలో ఫోన్ ఉందని అప్పుడే చూసుకున్నాను. గదిలోకి పరుగెత్తి దిండు కింద పడేసి వచ్చాను. నేను వచ్చేసరికి ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసి నిలబడి ఉన్నారు, మాట్లాడుకోవడం అయిపోయింది. ఏమనుకున్నారో నాన్న నాకు ఎప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు.